పెట్రోలును లాగొద్దు, నెట్టండి



కర్నూలు, కడప జిల్లాల్లో అంబాసిడర్ కారు తోలిన పాతకాలం డ్రైవర్లు కనబడితే, ఎండాకాలం ఆ బండితో ఎట్లా వేగారో అడిగి చూడండి. మొట్టమొదట తడిగుడ్డ సంగతే చెబుతారు. బానెట్ ఎత్తి, ఇంజనుకు ఆనుకుని ఉన్న పెట్రోలు పంపు మీద తడిపిన గోనెసంచి ముక్కో, పాత తువ్వాలో చుట్టి, ఆ తర్వాతే ఊరు దాటేవాళ్ళు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప చేరే దారిలో మిట్టమధ్యాహ్నం బండి రెండు మూడు జర్కులు కొట్టి ఆగిపోయేది. ట్యాంకులో పెట్రోలు ఉండేది, ప్లగ్గులకు కరెంటు అందేది. అయినా సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగడమే తప్ప బండి కదిలేది కాదు. ఏ వేపచెట్టు కిందికో తోసుకుపోయి, గుడ్డ మీద సీసాలోని నీళ్ళు పోసి, పంపు చల్లబడేదాకా కూర్చోవాల్సిందే. బీడీ అలవాటున్న డ్రైవరు ఆ పూటకు కాస్త దూరంగా పోయి కాల్చుకునేవాడు, అంతమాత్రం తెలివి అందరికీ ఉండేది.

బండి ఎందుకు ఆగేదో ముందు చెప్పుకుందాం, ఎందుకంటే ఈరోజు చెప్పబోయేదంతా దాని మీదే ఆధారపడి ఉంది. పెట్రోలు అనేది ఒకే ద్రవం కాదు, రకరకాల హైడ్రోకార్బన్లు కలిసిన మిశ్రమం. వాటిలో తేలికపాటివి 35, 40 డిగ్రీల వేడికే మరగడం మొదలుపెడతాయి. నీడలోనే 43, 44 డిగ్రీలు కాసే రోజున బానెట్ కింద ఆ వేడి ఎంత ఉంటుందో చెప్పనక్కరలేదు. పైగా పాత బండిలో పంపు ముందుండేది, ట్యాంకు వెనక డిక్కీ కింద ఉండేది. పంపు అంత దూరం నుంచి పెట్రోలును పీల్చుకోవాలి. పీల్చేటప్పుడు పైపులో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే ద్రవం ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. పైపులో ఆవిరి బుడగలు నిండుతాయి. ద్రవాన్ని తోయడానికి చేసిన పంపు ఆవిరిని తోయలేదు. దీన్నే వేపర్ లాక్ అంటారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈమధ్య పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, కాంటెస్సా కార్ల మీద కొందరికి మళ్ళీ మోజు పుట్టింది. తాతగారి బండిని షెడ్డులోంచి బయటికి తీస్తున్నారు. టింకరింగ్ చేయించి, రంగు వేయించి, సీట్లు మార్పించి, చివరికి ఇంజన్ దగ్గర ఆగుతున్నారు. పాత ఇంజనుకు బోరు చేయించడమా, లేక అది దించేసి ఎమ్‌పీఎఫ్ఐ ఇంజన్ ఎక్కించడమా? ఎమ్‌పీఎఫ్ఐ అంటే, కార్బురేటరు లేకుండా ఒక్కో సిలిండరుకు ఒక్కో ఇంజెక్టరు పెట్రోలు చిమ్మే పద్ధతి. మారుతి ఎస్టీమ్‌లో వచ్చిన 1298 సీసీ, పదహారు వాల్వుల ఇంజను ఇలాంటి మార్పిళ్ళకు పేరుపడింది. 85 హార్స్‌పవర్. పద్మినిలో ఫియట్ కాలం నుంచీ వస్తున్న 1089 సీసీ ఇంజను శక్తికి రెట్టింపు దాకా ఉంటుంది. అంబాసిడర్ సంగతయితే, ఉత్తరపాడా ఫ్యాక్టరీయే ఈ పని చేసి చూపించింది. 1992లో ఇసుజు కంపెనీ 1800 సీసీ పెట్రోలు ఇంజనును అంబాసిడర్‌కు తగిలించింది. మొదట కార్బురేటరుతో, తరువాత కాలుష్య నిబంధనలు బిగిసే కొద్దీ ఇంజెక్షనుతో. అంటే ఆ డొల్లలో, ఆ ట్యాంకుతో, ఇంజెక్షన్ ఇంజను నడవదేమోనన్న అనుమానం అక్కరలేదు.

మన వైపు ఇంజన్ మార్పిడి కొత్త ముచ్చటేమీ కాదు. డీజిల్ చవకగా ఉన్న రోజుల్లో పెట్రోలు అంబాసిడర్లకు డీజిల్ ఇంజన్లు ఎక్కించిన మేస్త్రీలు మనకున్నారు. ఇంజన్ ఫౌండేషన్లు కోసి అతికించడం, గేర్‌బాక్సుకు కప్లింగ్ ప్లేటు లేత్ మీద తిప్పించడం, జాయింట్ షాఫ్టు పొట్టి చేయించడం, వీటిల్లో వాళ్ళ పనితనం గొప్పది. నా భయమల్లా చివర్లో, అరగంటలో ముగిసిపోతుందనుకునే ఒక పని గురించి. ట్యాంకు నుంచి ఇంజను దాకా వేసే పెట్రోలు లైను. ఇంజనుకు లక్ష పెట్టినవాళ్ళు కూడా ఈ లైను కాడికి వచ్చేసరికి దుకాణంలో మీటరు లెక్కన దొరికే రబ్బరు పైపు, నాలుగు క్లిప్పులు తెచ్చి బిగించేస్తారు. కార్బురేటరు బండికి అది సరిపోయేది. ఇంజెక్షన్ బండికి అది నిప్పు.

తేడా ఒత్తిడిలో ఉంది. పాత పంపు కార్బురేటరుకు ఇచ్చే ఒత్తిడి మూడు, నాలుగు పౌండ్లు. దానితో కార్బురేటరు గిన్నె నిండితే చాలు. ఎమ్‌పీఎఫ్ఐకి 40, 45 పౌండ్లు కావాలి, అంటే దాదాపు మూడు బార్లు. మీరు కారు టైరుకు కొట్టించేది 30 పౌండ్ల గాలి. దానికంటే ఎక్కువ ఒత్తిడిలో మీ కాళ్ళ కింద పెట్రోలు పరుగెడుతుంది. పాత లైనులో చీలిక వస్తే చుక్కలు చుక్కలుగా కారేది, వాసన వచ్చేది, డ్రైవరు దిగి చూసేవాడు. కొత్త లైనులో సూదిమొనంత రంధ్రం పడినా పెట్రోలు పొగమంచులా చిమ్ముతుంది. గాలిలో పెట్రోలు ఆవిరి నూటికి ఒకటిన్నర నుంచి ఏడున్నర పాళ్ళ మధ్య ఉంటే చాలు, అంటుకుంటుంది. దానికి నిప్పురవ్వ కూడా అక్కరలేదు. బాగా కాలిన లోహం తగిలితే చాలు. ఎగ్జాస్టు మేనిఫోల్డు అంతగా కాలగలదు.

ఇక పంపు ఎక్కడుండాలి? ఈ ప్రశ్నకు జవాబు మన రైతులకు నా కంటే బాగా తెలుసు. బావి గట్టు మీద మోనోబ్లాక్ మోటరు పెట్టి నీళ్ళు పీలిస్తే ఎంత లోతు నుంచి వస్తాయి? ఏడెనిమిది మీటర్లు. వాతావరణ ఒత్తిడి లెక్క ప్రకారం పది మీటర్ల చిల్లర దాటి ఏ పంపూ పీల్చలేదు. నీళ్ళు వందల అడుగులకు దిగిపోయాక మనం ఏం చేశాం? మోటరును బోరులో నీళ్ళ అడుక్కే దించాం. సబ్‌మర్సిబుల్ పీల్చదు, కిందినుంచి నెడుతుంది. ఇంజెక్షన్ పంపు అచ్చం అదే జాతి. నెట్టడంలో మొనగాడు, పీల్చడంలో బలహీనుడు. అందుకే కంపెనీ బండ్లలో దాన్ని పెట్రోలు ట్యాంకులోనే ముంచి పెడతారు. సబ్‌మర్సిబులు చుట్టూ ఉన్న నీళ్ళతోనే చల్లబడినట్టు ఇదీ చుట్టూ ఉన్న పెట్రోలుతోనే చల్లబడుతుంది. బోరు ఎండిపోయినా మోటరు తిప్పితే వైండింగ్ కాలినట్టే, ట్యాంకు అడుగంటినా బండి తోలితే పంపు పోతుంది. రిజర్వులో తిప్పే అలవాటున్నవాళ్ళు ఇంజెక్షన్ బండిలో ఆ అలవాటు మానుకోవాలి.

మరి కొందరు చేసేదేమిటంటే, ట్యాంకు జోలికి పోకుండా, బయట బిగించే ఎలక్ట్రిక్ పంపు కొని, అందంగా కనబడుతుందని ఇంజన్ గదిలో, ఫైర్‌వాల్‌కు స్క్రూలు కొట్టి పెడతారు. మన ఎండల్లో ఇంతకన్నా తప్పు పని లేదు. పది అడుగుల దూరం నుంచి పీల్చమంటున్నారు, అదీ వేడి గదిలో కూర్చుని. తడిగుడ్డ కాలం మళ్ళీ వచ్చినట్టే. బయటి పంపే పెట్టాలనుకుంటే ట్యాంకు పక్కనే, ట్యాంకు అడుగు మట్టం కంటే కిందుగా, పెట్రోలు తనంతట తాను పంపులోకి జారేటట్టు పెట్టాలి. రాళ్ళు తగలకుండా రేకు కవచం వేయాలి. పంపు దాటాక ఒత్తిడి మూడు బార్లు ఉంటుంది కాబట్టి, ఆ ఒత్తిడిలో పెట్రోలు మరగాలంటే చాలా వేడి కావాలి. అందువల్ల నెట్టే వైపు వేపర్ లాక్ భయం బాగా తగ్గిపోతుంది. ఇంజెక్షన్ బండ్లు మే నెలలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతూ ఆగిపోకపోవడానికి అసలు కారణం ఇదే. కడప నుంచి రాయచోటి పోయే ఆ ఘాటు మీద పాత బండ్లు నిలబడిపోతే, ప్రయాణికులు పాలకోవా పొట్లాలు కొనుక్కునే దాకా ఇంజను చల్లారేది కాదు.

ట్యాంకు విషయం ఇంకొంచెం చెప్పాలి. కార్బురేటరు కాలం ట్యాంకు లోపల అడ్డగోడలు పెద్దగా ఉండవు. పెట్రోలు తక్కువున్నప్పుడు మలుపు తిరిగితే అంతా ఒక పక్కకు పోతుంది. కార్బురేటరు గిన్నెలో నిలవ ఉండేది కాబట్టి ఒకటి రెండు క్షణాలు పైపులోకి గాలి వచ్చినా బండికి తెలిసేది కాదు. ఇంజెక్షనుకు ఆ నిలవ లేదు. పంపు ఒక్క గుక్క గాలి మింగితే ఇంజను తడబడుతుంది. దీనికి రెండు దారులు. ఇంజను ఏ బండినుంచి తెచ్చారో ఆ బండి పంపు మాడ్యూలును, దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ గిన్నెతో సహా తెచ్చి, ట్యాంకు పైన రంధ్రం కోసి, రింగు అతికించి దించడం ఒకటి. ట్యాంకు లోతు కొలిచి, మాడ్యూలు అడుగుదాకా ఆనేటట్టు సరిచేసుకోవాలి. రెండోది, సర్జ్ ట్యాంకు. రెండు మూడు లీటర్ల చిన్న డబ్బా. పెద్ద ట్యాంకు నుంచి ఒక మామూలు పంపు దాన్ని ఎప్పుడూ నింపుతూ ఉంటుంది, అందులోంచి పెద్ద పంపు ఇంజనుకు నెడుతుంది. రెండో పద్ధతిలో పంపులు రెండు, జాయింట్లు ఎక్కువ, పాడయ్యే చోట్లు ఎక్కువ. ట్యాంకు కోసే ధైర్యమున్న మంచి మేస్త్రీ దొరికితే మొదటి దారే నయం.

ధైర్యం అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక. ఖాళీ ట్యాంకు ప్రమాదం లేనిదని అనుకోకండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. ద్రవం మండదు, ఆవిరే మండుతుంది, ఖాళీ ట్యాంకు నిండా ఉండేది ఆవిరే. పెట్రోలు తీసేసి నెలలయినా మడతల్లో ఆవిరి మిగులుతుంది. గ్యాసు వెల్డింగ్ మంట దగ్గరికి తెచ్చే ముందు వేడినీళ్ళు, సబ్బుపొడితో పదే పదే కడిగి, వెల్డింగ్ చేసే చోటు మినహా ట్యాంకంతా నీళ్ళు నింపి పని చేసే మేస్త్రీకే ట్యాంకు అప్పగించండి. 'ఏం కాదులే సార్' అనేవాడి దగ్గర ఒక్క నిమిషం కూడా నిలబడొద్దు. కుదిరితే వెల్డింగే వద్దు, రింగును బోల్టులతో, పెట్రోలుకు తట్టుకునే గాస్కెట్‌తో బిగించుకోవచ్చు.

ఇప్పుడు పైపులు. కారు కింద పొడవునా పోయే లైను రబ్బరు కాకూడదు, లోహపు గొట్టమే ఉండాలి. దగ్గర్లో సులువుగా దొరికేది ఫ్రిజ్, ఏసీ మెకానిక్కులు వాడే రాగి గొట్టం. చేత్తో వంగుతుంది, మెరుస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. వాడకండి. రాగి అదురుడుకు క్రమంగా గట్టిపడి, ఒకరోజు గాజులా పగులుతుంది. పైగా రాగి తగిలితే పెట్రోలు త్వరగా చెడి జిగురు కడుతుంది. బ్రేకు పైపులకు వాడే పూత వేసిన ఉక్కు గొట్టం, లేదా రాగి, నికెల్ కలిసిన గొట్టం తెప్పించుకోండి. ఇంజనుకు వెళ్ళే లైను ఎనిమిది మిల్లీమీటర్లు, తిరిగొచ్చే లైను ఆరు లేక ఎనిమిది మిల్లీమీటర్లు చాలు.

గొట్టం చివర ఎట్లా చేశారన్నది అసలు కిటుకు. గొట్టాన్ని కోసి, నున్నగా ఉన్న ఆ చివరకే రబ్బరు తొడిగి క్లిప్పు బిగిస్తే అది ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. లెక్క వేస్తే, ఎనిమిది మిల్లీమీటర్ల గొట్టం మీద మూడు బార్ల ఒత్తిడి తోసే బలం కిలోన్నర. అంతేనా అనిపిస్తుంది. కానీ ఆ కిలోన్నర ఒక్క క్షణం కూడా సెలవు తీసుకోదు. వేడికి రబ్బరు మెత్తబడుతుంది, ఇంజను అదురుతుంది, స్పీడు బ్రేకరు మీద బండి ఎగురుతుంది. మిల్లీమీటరు మిల్లీమీటరుగా జారుతుంది. గొట్టం చివర చిన్న గట్టు తేలేటట్టు చేసి, దాని వెనక క్లిప్పు పడితే జారదు. నట్టుతో బిగించే జాయింటయితే ఫ్లేరింగ్ కోణం, అంటే గొట్టం మూతిని విప్పార్చిన కోణం, చూడాలి. ఏసీ మెకానిక్కు పనిముట్టు 45 డిగ్రీల ఒంటి మడత చేస్తుంది. రేసింగ్ బండ్లకు వాడే ఏఎన్ ఫిట్టింగుల కోణం 37 డిగ్రీలు. రెండూ కలిపి పానాతో బలంగా బిగిస్తే మొదటిరోజు కారదు. కొన్నాళ్ళకు కారుతుంది. ఇంకా బిగించారంటే మడత చీలుతుంది. పెట్రోలు జాయింట్లకు టెఫ్లాన్ టేపు చుట్టడం కూడా కొళాయి పని తప్ప కారు పని కాదు. టేపు పోగులు ఇంజెక్టరులో ఇరుక్కుంటాయి.

రబ్బరు తప్పనిసరి అయ్యే చోట్లు రెండే ఉన్నాయి. ట్యాంకు దగ్గర కొద్దిగా, ఇంజను దగ్గర కొద్దిగా. ఇంజను రబ్బరు ఫౌండేషన్ల మీద ఊగుతుంది, ఛాసిస్ ఊగదు, వాటి మధ్య వంగే పైపు ఉండాలి. ఆ పైపు మీద ముద్రించిన అక్షరాలు చదవడం నేర్చుకోండి. ఎస్ఏఈ జె30 ఆర్7 అని ఉంటే అది కార్బురేటరు పైపు. జె30 ఆర్9 అని ఉంటే ఇంజెక్షన్ పైపు, వంద పౌండ్ల దాకా తట్టుకుంటుంది, దాని లోపలి పొర ఫ్లోరోరబ్బరు. ఇక ట్యాంకు లోపల మునిగి ఉండే ముక్క ఆర్10 రకం కావాలి. బయట వాడేది లోపల వేస్తే, పైపు వెలుపలి పొర పెట్రోలులో నాని పొరలు పొరలుగా ఊడి ఫిల్టరు మూసేస్తుంది. అక్షరాలే లేని పైపు ఎంత చవకయినా తీసుకోవద్దు. క్లిప్పులు కూడా అంతే. పళ్ళు కోసిన పట్టీతో ఉండే మామూలు స్క్రూ క్లిప్పు రబ్బరును కొరుకుతుంది. అంచులు మడిచి, చుట్టూ సమానంగా పట్టే ఇంజెక్షన్ క్లిప్పులు వేరే ఉంటాయి, అడిగితే తెప్పించి ఇస్తారు.

పాత పైపులు ఎందుకు మార్చాలో చెప్పడానికి ఇంకో కారణం ఉంది. 2023 నుంచి దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు రావడం మొదలయింది, ఇప్పుడు అన్ని బంకుల్లో దాదాపు అదే. 1960, 70ల నాటి రబ్బరు, కార్కు గాస్కెట్లు, ట్యాంకు లోపలి పూత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. రబ్బరు ఉబ్బుతుంది, తర్వాత గట్టిపడి చీలుతుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుక్కి చేరి తుప్పు పట్టిస్తాయి. అదీగాక ఇథనాల్ పాత ట్యాంకులో అంటుకున్న మడ్డిని కరిగిస్తుంది. అదంతా వచ్చి పడేది ఫిల్టరులో. కాబట్టి పంపుకు ముందు ముతక జాలీ, పంపు తర్వాత సన్నని కాగితపు ఫిల్టరు ఉండాలి. పంపు తర్వాతది తప్పనిసరిగా లోహపు డబ్బా ఫిల్టరే. లోపల పెట్రోలు కనబడే పారదర్శకపు ప్లాస్టిక్ ఫిల్టరు ఉంటుంది చూడండి, అది టూవీలర్లకు, కార్బురేటరు బండ్లకు. మూడు బార్ల లైనులో అది పగులుతుంది. మొదటి ఫిల్టరును వెయ్యి కిలోమీటర్లకే మార్చండి. మన నల్లరేగడి దుమ్ము, యర్రగుంట్ల వైపు సిమెంటు దుమ్ము ట్యాంకు మూతలోంచి కూడా లోపలికి దిగుతాయి. మూత రబ్బరు వాషరు కొత్తది వేయించడానికి ఎంతో ఖర్చు కాదు.

తిరుగు లైను గురించి చాలామంది అడుగుతారు. ఎస్టీమ్ లాంటి ఇంజన్లలో పంపు గంటకు ఎనభై, వంద లీటర్లు నెడుతుంది. పూర్తి శక్తితో పరుగెత్తినా ఇంజను తాగేది గంటకు పాతిక లీటర్లే, ట్రాఫిక్‌లో నిలబడి ఉన్నప్పుడు లీటరుకు అటూఇటూ. మిగిలిందంతా ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరు గుండా మళ్ళీ ట్యాంకుకే. పాత పెట్రోలు బండిలో ఆ దారి లేదు, కొత్తగా వేయాలి. మీ బండికి ఇంతకుముందు డీజిల్ ఇంజను ఎక్కించి ఉంటే ఒక మేలు: డీజిల్ ఇంజనుకు కూడా మిగులు ఇంధనం వెనక్కి పోవాలి కాబట్టి ట్యాంకుకు తిరుగు గొట్టం ఉండే అవకాశముంది, అది బాగుంటే వాడుకోవచ్చు. తిరుగు లైను చివర ట్యాంకు అడుగున, పెట్రోలులో మునిగేటట్టు ఉండాలి. పైనుంచి ధారగా పడితే నురగ, ఆవిరి పెరుగుతాయి. ఇందులో ఇంకో చిక్కుంది. ఆ తిరిగొచ్చే పెట్రోలు ఇంజను వేడిని వెంటేసుకొని వస్తుంది. ట్యాంకులో పది లీటర్లే ఉంటే అదే పెట్రోలు గంటకు ఎన్నోసార్లు ఇంజను చుట్టొచ్చి కాగుతుంది. ఎండాకాలం ట్యాంకు సగానికి పైగా ఉంచుకోమని నేను చెప్పేది అందుకే. కొంత తర్వాతి కాలపు ఇంజన్లలో రెగ్యులేటరు ట్యాంకు లోపలే ఉంటుంది, ఇంజనుకు ఒకే లైను పోతుంది, వేడి వెనక్కి రాదు. మన ప్రాంతానికి ఆ పద్ధతే మేలని నా అభిప్రాయం. ఏ ఇంజను తెచ్చారో దాని పద్ధతే పాటించండి, రెండిటినీ కలగలపొద్దు.

లైను ఏ దారిన పోవాలన్నది బండి కింద పడుకుని చూస్తే గాని తేలదు. పాత ఇంజను ఎగ్జాస్టు ఒక పక్క ఉండేది, కొత్తది రెండో పక్కకు రావచ్చు. అప్పుడు పాత లైను దారి సైలెన్సరు పైపు పక్కనే పడుతుంది. రెండో వైపుకు మార్చాల్సిందే. జాయింట్ షాఫ్టు తిరిగే సొరంగంలోంచి వద్దు. క్రాసు తెగితే షాఫ్టు కొట్టే దెబ్బకు ఏ గొట్టమూ నిలవదు. మనుషులు కూర్చునే క్యాబిన్ లోపలినుంచి అసలే వద్దు. ఛాసిస్ మట్టం కంటే కిందికి ఎక్కడా వేలాడకూడదు. ఊరి బయట కడప బండల క్వారీల దారుల్లో తిరిగేవాళ్ళకు ఇది వేరే చెప్పక్కరలేదు. రేకులోంచి దూరే ప్రతి రంధ్రానికీ రబ్బరు గ్రోమెట్, అడుగు, అడుగున్నరకు ఒక రబ్బరు పొర ఉన్న పట్టీ.

కరెంటు పని కూడా పెట్రోలు పనిలో భాగమే. పంపును నేరుగా ఇగ్నిషన్ తాళానికి కలపొద్దు. ఇంజనును నడిపించే కంపెనీ కంప్యూటరు, అంటే ఈసీఎం, తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు పంపు తిప్పి, ఇంజను తిరుగుతున్నట్టు సెన్సరు చెబితేనే మళ్ళీ నడుపుతుంది. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. నేరుగా కలిపిన బండికి ప్రమాదం జరిగి, లైను తెగి, డ్రైవరు స్పృహ తప్పితే, తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ పంపు రోడ్డు మీద పెట్రోలు పోస్తూనే ఉంటుంది. పంపును ఈసీఎం అదుపులో ఉంచే రిలేను, ఫ్యూజును అలాగే ఉంచుకోండి. గుద్దుకుంటే కరెంటు తెంచే ఇనర్షియా స్విచ్ దొరికితే ఇంకా మంచిది.

చట్టం సంగతి కూడా ఇంజను కొనకముందే తెలుసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ చెప్పిన వాటికి భిన్నంగా ఉండేటట్టు బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని మార్పుకు ఒక్కోదానికి ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా వచ్చాయి. కాబట్టి కడప ఏపీ 04 బండయినా, కర్నూలు ఏపీ 21 బండయినా, ముందు ఆర్‌టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. అంబాసిడర్‌కు కంపెనీయే పెట్టిన ఇసుజు ఇంజను ఎక్కిస్తామంటే మీ వాదనకు కొంత బలముంటుంది. ఇన్సూరెన్సు కంపెనీకి కూడా చెప్పండి. చెప్పకపోతే నిప్పంటుకున్న రోజు వాళ్ళ జవాబు ఏమిటో మీరే ఊహించుకోవచ్చు. ఇంకో మాట: 2021 జులైలో వింటేజ్ వాహనాల నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు దాటిన బండికి ఇరవై వేల రుసుముతో వీఏ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. షరతు ఏమిటంటే ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి. కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న 1953, 56 మధ్య అంబాసిడర్ ఇంకా పుట్టలేదు, ల్యాండ్‌మాస్టరు రోజులవి. అలాంటిదో, 1960ల నాటి అంబాసిడరో మీ ఇంట్లో సొంత ఇంజనుతో ఉంటే దయచేసి దాన్ని దించకండి. ఇప్పటికే డీజిల్ ఇంజను ఎక్కించి పాతదాన్ని తుక్కుకు అమ్మేసిన బండి ఉంటే, ఈ మార్పిడి దానికి చేయండి.

పనంతా అయ్యాక ఇంజను స్టార్టు చేయకండి. ముందు ఐదు లీటర్లు పోసి, తాళం ఆన్ చేసి, ఆఫ్ చేసి, ఇలా కొన్నిసార్లు పంపును తిప్పండి. ప్రతి జాయింటు కింద పొడి కాగితం పెట్టి చూడండి, తడి కాకూడదు. లైనులో ఒత్తిడి మీటరు పెట్టించి, పంపు ఆగాక ముల్లు ఎంతసేపు నిలబడుతుందో గమనించండి. వెంటనే పడిపోతే పంపులోని నాన్ రిటర్న్ వాల్వో, రెగ్యులేటరో, ఇంజెక్టరో కారుతున్నట్టు. ఆ బండి పొద్దున బాగానే స్టార్టవుతుంది. మధ్యాహ్నం బజారులో పది నిమిషాలు ఆపి మళ్ళీ సెల్ఫ్ కొడితేనే సతాయిస్తుంది. పక్కన పొడి రసాయనం ఉన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషరు పెట్టుకోండి, బకెట్టు నీళ్ళు కాదు. పెట్రోలు నీళ్ళ మీద తేలుతూ మండుతుంది. అన్నీ పొడిగా ఉంటే స్టార్టు చేసి, వేడెక్కనిచ్చి, ఆపి, మళ్ళీ చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, ఆ తర్వాత ఏటా ఎండలు ముదరకముందే ఒకసారి, బండిని ర్యాంపు ఎక్కించి లైనంతా చేత్తో తడుముతూ, వాసన చూస్తూ, క్లిప్పులు పరీక్షించండి. రబ్బరు ముక్కలు గట్టిగా అనిపించినా, మెత్తగా ఉబ్బినా మార్చేయండి. అవన్నీ కలిపి మీటరు కూడా ఉండవు.